గోరు సందు

తిత్లీకి కూలిన పనసచెట్టు
ఆరేళ్లు మా సావిట్లో పడుంది.
ఇవాళ అయిదు అరలవుతోంది.

"ఏటెడతావు బావూ, పచ్చళ్లా?"
చెవిలో పెన్సిలు దోపుకుని గవరయ్య అడిగాడు.
పాములన్నాను.
టేపు చేతిలోంచి జారి
సర్రున చుట్టుకుంది.

డబ్బాలకి మూతల్లేవు, పైచెక్కే మూత.
గోరు సందు ఎక్కువైతే
కట్లపాము పిల్ల నా మంచమెక్కుతుంది,
తక్కువైతే డబ్బా కదలదు.
"దేవుడి పల్లకీకీ ఇంత కొలత లేదు"
గొణుగుతూనే చిత్రిక పట్టాడు.

కాల్చిన మేకుతో నేను బెజ్జాలు పొడుస్తుంటే
ప్లాస్టిక్ కమురు వాసనలో దగ్గి,
"ఈ గాలి సాల్తాదా దానికి?"

చీకటి పడ్డాక పలాస నుంచి ఫోను.
జీడిపిక్కల బస్తాల సందున పొడపాము.
తెచ్చి కింది అరలో తోశాను.
బుస కాదది, కుక్కరు కూత.
ఫారెస్టు జీపు రేపటికి గాని రాదు.

కూలి డబ్బు మొలలో దోపుకున్నాడు గానీ
గవరయ్య కదల్లేదు.
పొద్దుటి నుంచీ నున్నగా చెక్కినవాడు
పొట్టులో వెతికి వెతికి
బెరడు పోని ముక్కొకటి ఏరాడు.
గడప అవతలే నిలబడి చెయ్యి చాపాడు:

"ఇదీ లోపలెయ్యి.
గరుకు నేకపోతే
కుబుసమెలాగ ఇడుస్తాది?"