సగం టికెట్టు

దేవరకద్రల బండి లేటు.
అరగంటన్నరు, గంట దాటింది.
బెంచి మీద పల్లికాయ ఒలుస్తున్నామె
చెంగుల పొట్టు దులిపి నా దిక్కు జరిగింది:
"మంచు దేశం పోయొచ్చిన నర్సమ్మవు నువ్వేనట గదా?
ఎంతయిందే?"

ఎవరైనా మొదలు అదే అడుగుతరు.
మంచి ప్రశ్నే.
కొండల గురించయితే నాకు చెప్పరాదు,
పైసల గురించి పైసా పైసా చెప్త.

నాలుగేండ్ల చిట్టీ.
నేనూ షమీమూ
ఒకే సబ్ సెంటర్ల సూదులేసే జోడీ.
ఆఖరి నెల దాక పాట పాడకుండ
పండ్లు కొరుక్కొని ఆగినం.

అక్కడ రైలు కొండక్కూడ ఎక్కుతది
పండ్ల చక్రంతోని, మేక లెక్క.
కొనకు పోయే టికెట్టు ధర చూసి
షమీమ్ ఫోను బోర్లేసింది:
"కిందికెల్లి చూస్తే కొండ చిన్నగయితదా ఏంది?"
కాలే.

సగం టికెట్టు కార్డు తీస్కున్నం.
ముందుగాల కొంటే అగ్గువకొచ్చే రోజు టికెట్టు
అరిగేదాక వాడినం:
చీకటుండంగ మొదటి బండి,
కాళ్లు వాసినంక ఆఖరి బండి.
నిద్ర ఆరుగురు పండే గదిల, పై మంచం మీద.
వీధి నల్లాల నీళ్లు ఉట్టిగనే.
దుకాణం మూసే యాల్లకు
సగం ధర చీటి అంటించిన రొట్టె,
దాని మీద మా డబ్బాల నువ్వుల కారం.
ఎదురు సీటు ముసలాయన ఆ వాసనకే తుమ్మిండు.
షమీమ్ ఒక ముక్క చేతిల పెట్టింది.
కండ్ల నీళ్లు తుడుచుకుంట
ఇంకో ముక్కకు చెయ్యి సాపిండు.

ఆరోనాడు సొరంగం వచ్చింది.
ఎంతకూ ఒడువలే.
అందరూ ఫోన్లు చూస్కుంటున్నరు,
నా చెవులు మూసుకపోయినయి.

మా నాయిన కుర్మన్న.
మేస్త్రీ పుస్తకంల పేరు కూడ కాదు,
పాలమూరు లేబరు, తల ఒకటి.
ఏ రాష్ట్రమో తెల్వని కొండ కడుపుల
మందు పేలినంక, పొగ పోకముందే
తట్ట పట్టుకొని ఉరికేటోల్లల్ల ఒకడు.
పండుగకొస్తే తువ్వాలల దగ్గు మూట కట్టుకొచ్చేటోడు.
"సొరంగం అవతల ఏముంటది నాయినా?" అనంటే
"ఎల్తురుంటదని మేస్త్రీ అంటడు బిడ్డా.
తొవ్వుడయితే మనల్ని ఇంకో కొండకు తోల్తడు.
మనమేడ చూస్తం?"

కిటికీ అద్దం మీద నోటితోని ఆవిరి ఊదిన.
వేలితోని రాసిన: కుర్మన్న.
న వత్తు కింద నీటిబొట్టు జారింది.
టికెట్లు చూసేటాయన వచ్చిండు.
అద్దం చూసిండు, నన్ను చూసిండు,
ఏం రాసినవని అడుగలే.
కార్డు అడిగిండు.
చూసి, దండం లెక్క చిన్నగ తల వంచి పోయిండు.
నాకో, కార్డుకో, నాయినకో తెల్వదు.

అప్పుడే ఒక్కసారి ఎల్తురు మీద పడ్డది.
చెరువు. ఆవులు. ఎవరిదో ఆరేసిన దుప్పటి.
గంతే.
గా మాత్రం దానికి అన్ని తట్టల మన్ను.

బండొచ్చింది. జనరల్ల సీటు దొరికింది.
కౌకుంట్ల కాడ క్రాసింగుకు ఆపిండు.
పల్లికాయలామె ఇడిసి పెట్టలే:
"ఇంతకూ ఎంతయిందో చెప్పకపోతివి."
చెప్పిన.
ఒలిచే చెయ్యి ఆగింది.
"గంత పైసలు! బోరేస్కోవచ్చు గదనే."
ఏస్కోవచ్చు.
రెండేస్కోవచ్చు,
నీళ్లు పడ్తయని ఎవలన్న రాసిస్తే.

ఆమె పకపక నవ్వి
పిడికెడు పల్లీలు నా ఒళ్లె పోసింది.
బండి కదిలింది.
బండ మీద బండ ఎక్కిన మన గుట్టలు
ఏ టికెట్టూ అడుగకుండ పక్కపొంటి ఉరికొస్తున్నయి.
అలవాటుగ నోరు కిటికీ దగ్గరికి పోయింది.
అద్దం లేదు.
ఇనుప చువ్వలు,
ఎండకు కాలి,
చెయ్యి పెడితే చురుక్కుమన్నయి.