గాలి పద్దు

తొంభై రోజులు త్రియెస్తేలో.
గ్రాట్స్ వంటగదిలో కూర్చుని
గళ్ళ నోట్‌బుక్‌లో పద్దులు రాసింది హెడ్విగ్:
అద్దె, రొట్టె, బస్సు పాసు, మోకాలి మందులు.
కాఫీ రోజుకొకటి, నిలబడి తాగితేనే.
కూర్చుంటే ధర రెట్టింపు.
సముద్రం ఉచితం.
దాని కింద రెండు గీతలు.

ట్రామ్ కంపెనీలో ముప్పయ్యేళ్ళు
చిల్లర లెక్కబెట్టిన వేళ్ళు మరి.

ఇంటావిడ ఒందీనా
కళ్ళద్దాల మీంచి అంతా చదివి అడిగింది:
"ఇందులో బోరా ఏది?"

జనవరిలో వచ్చింది, ఆ గాలి.
గొడుగు వెన్ను విరిచింది, పన్నెండు యూరోలు.
టోపీ ఓడరేవు దాటింది, పద్దెనిమిది.
మూడోనాడు రేవుగట్టు మీద
నోట్‌బుక్కే చేతిలోంచి లేచిపోయింది.
ఫిబ్రవరి మొత్తం కాయితం కాయితంగా
ఆడ్రియాటిక్‌లో జమ.
గాలికి పోయిన పేలపిండి,
ఏ దేవుడి పేర వదలాలో ఆమెకు తెలియదు.

ఆ రాత్రి ఒందీనా
చిక్కుళ్ళూ పులిసిన క్యాబేజీ ఉడికించిన సూప్
గిన్నెడు ముందు పెట్టింది.
ధర చెప్పలేదు.
హెడ్విగ్ నోటిదాకా వచ్చింది, అడగలేదు.
రొట్టె ముంచుకుని తింది.

కిటికీ రెక్కలు తెల్లార్లూ కొట్టుకున్నాయి.
కొత్త నోట్‌బుక్ కొనాలి, నాలుగు యూరోలు.
కొందాంలే.
ముందు కాఫీ,
కూర్చుని.