ఉప్పు చక్కెర సోపతి

ఎనుమాముల యార్డుల ఏప్రిల్ నెల.
తేజ మిర్చి బస్తా నలభై రెండు కిలోలు,
కాంటా కాడికెల్లి లారీ మీదికి
చెక్క మెట్లు పదకొండు.
పల్లానికి జారుడు ఎవ్వనికైనా వస్తది,
మీదికి మొయ్యాలంటేనే హమాలీ కావాలె.

ఆ దినం తొమ్మిదో మెట్టు మీద
మోకాళ్ళల్ల నీళ్ళు గుంజుకున్నది ఎండ.
బస్తా ఎటు పడ్డదో, నేనెటు పడ్డనో.
బనీను మీద చెమటెండి తెల్లటి గీతలు.
చెంబెడు కుండనీళ్ళు తాపిండ్రు,
తాగినయి తాగినట్టే కక్కిన.

కాలేజి సంచితోనే ఉరికొచ్చింది మమత.
పొట్లం చింపింది, లీటరు నీళ్ళల్ల కలిపింది.
"గుక్కగుక్క తాగు నాయినా, ఒక్కపారి ఎత్తకు."

రాత్రి మంచంల పండి అడిగిన:
గవీ నీళ్ళే గద బిడ్డా, గండ్ల ఏం గలిసె?

"పేగుల గోడకు కణాలుంటయి,
ఒక్కో కణానికి నూనె తోలు.
నూనెకు నీళ్ళకు పడది, నీకెర్కే.
ఆ తోలుల ఓ చిన్న తలుపు.
ఉప్పొక్కతే వస్తే తెరవది,
చక్కెరొక్కతే వస్తే తెరవది.
ఇద్దరు చెయ్యి వట్టుకొని రావాలె.
వాళ్ళు లోపటికి పోంగనే
పిలవకున్నా నీళ్ళు ఎన్క పోతయి."

మరి లోపట ఉప్పు నిండిపోదా?

"ఎన్క దిక్కు మోసేటోడున్నడు.
మూడు ఉప్పులు బయటికి, రెండు వేరే సరుకు లోపటికి,
ఖేపుకో చిట్టి.
వాడు ఆగితే ఈ తలుపు గూడ పన్జెయ్యది."

నాకు నవ్వచ్చింది.
వానికి యూనియనున్నదా? దసరాకు బోనసిస్తరా?

"వానికి నిద్రే లేదు.
నువ్వు పండుకున్నా మోస్తనే ఉంటడు,
నువ్వు తిన్న బువ్వల పెద్దపాలు వానికే."

తొడిమలు తీసి తీసి మండే చేతులు
మోకాళ్ళ సందున వెట్టుకొని ఇంటున్నది మా అయిలమ్మ.
"గీ కారం ఏ తలుపుల నుంచి వచ్చిందే?"

"దానికి తలుపెందుకమ్మా,
నూనెల కరిగేది, నూనె తోల్లకెల్లే నడిచొస్తది.
నీళ్ళతోని కడిగితే పోతదా?"
బిడ్డ లేచి మంచినూనె సీసా తెచ్చింది.
తల్లి చేతులు తన చేతులల్ల వెట్టుకొని
శానసేపు రుద్దింది. ఇద్దరికీ మండింది.

పలిగిన బస్తాకని సేటు మూడొందలు కోసిండు.
తెల్లారి మళ్ళ తొమ్మిదో మెట్టు.
ఒక్క గడియ నిలబడ్డ.
లోపట వాడు మోసే సప్పుడు ఇనవడ్తదేమో అని.

"కదులు" అన్నడు కిందికెల్లి గుమాస్తా.

కదిలిన.