పచ్చ అంటే ఏ రంగు

హాజరుపట్టీలో నలభై పేర్లు సిరాతో ఉన్నాయి.
నలభయ్యొకటోది నాది, పెన్సిల్‌తో.
"హైదరాబాద్ నుంచి ఒరిజినల్ మార్కుల కాయితం వచ్చేదాకా ఇంతే"
అన్నాడు గుమాస్తా, పెన్సిల్ చెవిసందున దోపుకుంటూ.

రెండేళ్లు అక్కడ వేసిన బొమ్మలు
ఇక్కడి లెక్కలో ఏడాదిన్నరట.
మిగిలిన ఆర్నెల్లు ఎటు పోయాయో
నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.
విజయవాడ దగ్గర రైలు కృష్ణ దాటుతుంటే
కిటికీలోంచి జారి ఉంటాయి.

అక్కకు పెరంబూరులో రైలుపెట్టెల ఫ్యాక్టరీ కొలువు.
అక్క వెంట నేను,
నా వెంట నాలుగడుగుల పోర్ట్‌ఫోలియో.
బస్సులో దానికీ టికెట్ కొట్టారు.

పెరియమేట్‌లో దిగితే తోళ్ల వాసన.
గేటు దాటితే టర్పెంటైన్ వాసన.
నడుమ ఓ పది అడుగులు ఏ వాసనా ఉండదు.
మొదటి నెలంతా నేను ఆ పది అడుగుల్లోనే ఉన్నాను.

ఎవరి స్టాండు ఎక్కడో వాళ్లకు ముందే తెలుసు.
వెలుతురు ఎడమనుంచి పడే చోట్లన్నీ
మొదటేడే పంచేసుకున్నారు.
నాకు మిగిలింది స్తంభం వెనక.
అక్కణ్ణుంచి చూస్తే మోడల్‌కి ఒకటే చెయ్యి.
నెల రోజులు ఒంటిచేతి మనుషుల్నే గీశాను.
జెరాల్డ్ చూసి ఏదో అన్నాడు, అందరూ నవ్వారు,
నేనూ నవ్వాను.
అర్థం కాని నవ్వుకు ముఖంలో ఏ కండరం కదులుతుందో
అద్దం ముందు కూర్చుని గీయాల్సింది.
గీయలేదు.

ఒకరోజు ఎళిలన్ సార్ నా కాన్వాసు ముందు ఆగి
నీడ వైపు వేలు చూపి "పచ్చై" అన్నారు.
పచ్చ పూశాను.
మా జనగామలో పచ్చ అంటే
పచ్చకామెర్ల పచ్చ,
కొత్త బట్టల అంచుకు పెట్టే పసుపు,
వాకిట్లో ఆరబోసిన మక్కలు.
సార్ ఓ చుట్టు తిరిగొచ్చేసరికి
ముసలామె చెంప కింది నీడ
బల్బులా వెలుగుతోంది.
"పచ్చై, పచ్చై" అంటూ ఆయన
కిటికీ అవతలి ఆకుల్ని చూపిస్తుంటే తెలిసింది,
సూళ్లూరుపేట దాటాక ఆ మాట చెట్టెక్కేస్తుందని.

ఇళవరసి తన గుడ్డ ఇచ్చింది. తుడవబోయాను.

అప్పుడు పలికింది పీటమీది మోడల్,
పెదవి కదపకుండా, గడ్డం దించకుండా:
"తుడవొద్దు పాపా. బాగుండాది."

తెలుగు.
ఏ జిల్లాదో చెప్పలేని తెలుగు,
మాట చివర అరవం సాగదీత.
కన్నియమ్మ. మూడు తరాలుగా ఓట్టేరి.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం,
ఈ పీటమీద పద్దెనిమిదేళ్లుగా
గంటకింతని మౌనం.
"మా అమ్మ మాట ఇది. రాసేకి రాదు, మాట్లాడేదే."

విరామంలో టీ గ్లాసు పట్టుకుని నా బొమ్మ దగ్గరికొచ్చి
తన రెండో చెయ్యేదని అడిగింది.
స్తంభం చూపించాను.
ఏమీ అనలేదు.
గంట కొట్టాక మాత్రం
పీటను తనే కిర్రుమంటూ మూరెడు పక్కకు లాక్కుని కూర్చుంది.
సార్ ఏదో అనబోయారు.
అప్పటికే ఆమె మోడల్ అయిపోయింది, ఇక కదలదు.
నలభై స్టాండ్లు గొణుక్కుంటూ జరిగాయి.

ఆ రెండో చేతికి చిటికెనవేలు సగమే ఉంది.
ఎలా పోయిందో ఇప్పటికీ అడగలేదు.
ఉన్నంతవరకూ గీశాను.

ఆ బొమ్మ నీడలో
సార్ పచ్చ కింద నా పచ్చ ఉంది.
ఆయన తుడవమనలేదు, బాగుందనీ అనలేదు,
కళ్లు చికిలించి కాసేపు చూసి
జెరాల్డ్ దగ్గరికి వెళ్లిపోయారు.

మార్కుల కాయితం ఇంకా రాలేదు.
పేరు మసకబారినప్పుడల్లా గుమాస్తా
దానిమీదే మళ్లీ దిద్దుతున్నాడు.
నిన్న తొంగి చూశాను:
కొత్త గీత పాత గీత మీద సరిగ్గా కూర్చోక
నా పేరుకు
కొంచెం నీడ పడుతోంది.