అరఠావు

చిత్తూరు కలెక్టరాఫీసు గోడవార
సోమవారం పొద్దున ఎనిమిదికే
చెంగల్రాయులు స్టూలు పడేది.
పక్కనే నా స్టూలు, ఒక కాలు పొట్టిది,
దాని కింద మడిచిన అగ్గిపెట్టె.

నాకప్పుడు మాటలంటే మోజు.
"మహారాజశ్రీ జిల్లా కలెక్టరు దొరగారి
దివ్యసముఖమునకు
మిక్కిలి వినయవిధేయతలతో
సవినయముగా విన్నవించుకొను..."
అర్జీదారు పేరు వచ్చేసరికి
ఠావులో సగం అయిపోయేది.

ఆయన చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి
ఒకే గీత లాగేవాడు.
"వినయం, మళ్లీ సవినయం.
ఒకటే బిచ్చానికి రెండు బొచ్చెలేందిరా?
లోపలుండేటాయన పొద్దుట్నించీ
నూటిరవై కాయితాలు చదివుంటాడు.
ఆకలిగొన్నోడికి అన్నం పెట్టల్లగానీ
ఇస్తరాకు కుట్టిందెవరో చెప్తావా?"

కొట్టేసిన మాటల్ని రాత్రిపూట
ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ని,
ఎప్పటికైనా పనికొస్తాయని.
చివరికి చెదలు చదివాయి.
అవి ఒక్క మాటా వదల్లేదు.

ఒక సోమవారం పెనుమూరు నుంచి కన్నెమ్మ వచ్చింది.
నలభై ఏళ్లు చింతపండు కొట్టిన చెయ్యి.
పింఛను మిషను మీద బొటనవేలు పెడితే
ఎర్ర లైటు. తుడిచి పెడితే ఎర్ర లైటు.
గీతలన్నీ పులుపు తినేసింది.

నేను రెండు ఠావులు రాశాను.
మొగుడు బావిలో పూడిక తీస్తూ పోవడం,
వానల్లేని ఏళ్లు, కూలి బాకీలు,
"విధి వక్రించి" అని కూడా రాశాను.
రాస్తూ రాస్తూ నాకే కళ్లు చెమర్చాయి.
కన్నెమ్మ కళ్లు పొడిగానే ఉన్నాయి.
అది నేను చూళ్లేదు. ఆయన చూశాడు.

పెన్సిలు అయిదు నిమిషాలు నడిచాక
మిగిలిందిది:
"నా వేలిముద్ర అరిగిపోయింది.
మిషను నన్ను గుర్తుపట్టడం లేదు.
నేను బతికే ఉన్నాను."

చదివి వినిపించాను, కొంచెం కోపంగానే.
ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత కొంగుముడి విప్పుతూ
"మా ఆయప్ప పేరొకటి ఉండనీ సామీ" అంది.
చెంగల్రాయులు పెన్సిలు కింద పెట్టి
నా పెన్ను అడిగి తీసుకుని
ఆ పేరు తనే రాశాడు, గుండ్రంగా, నిదానంగా.
కొట్టేసిన చెయ్యి మళ్లీ రాయడం
అదొక్కసారే చూశాను.

కన్నెమ్మ పింఛను సంక్రాంతి ముందర పడింది.
అరఠావు వల్లేనని చెప్పలేను.

ఆ పెరటాసికి నన్ను కొండకు తీసుకుపోయాడు.
అలిపిరి నుంచి నడక.
ఆయన చేతిలో మంచినీళ్ల సీసా ఒకటే.
నా చొక్కాజేబులో మడిచిన అర్జీ:
పదకొండు కోరికలు,
ఆరోదానికి రెండు ఉపకోరికలు.
మోకాళ్ల మిట్ట దగ్గర చెమటకు
నాలుగోది అలుక్కుపోయింది.
ఏమిటో గుర్తు తెచ్చుకుంటూనే మిగతా మెట్లెక్కాను.

కంపార్టుమెంటులో పదహారు గంటలు.
ఎవరి పాపో నా భుజం మీదే నిద్రపోయింది.
ఆఖరికి, దీపాల మసకలో,
ఎదురుగా నల్లగా, ఎత్తుగా,
"అమ్మ మోకాళ్ల నొప్పి" అని మొదలుపెట్టాను.
"జరగండి జరగండి" అంటూ భుజం మీద ఒక చెయ్యి.
"మోకా" దగ్గరే బయటపడ్డాను.

మెట్ల మీద దొన్నెలో పులిహోర తింటూ
మీరేం అడిగారన్నాను.
ఆయన ఎండుమిరపకాయ ఏరి పక్కన పెట్టాడు.
"మొదటేడు నాదీ పెద్ద అర్జీనే.
ఏటికొకటి కొట్టేస్తా వచ్చినా.
ఇప్పుడు, ఉండానని చెప్తా. అంతే."
"దానికాయన ఏమంటాడు?"
"జరగమంటాడు."

ఇప్పుడు ఆ స్టూలు నాది.
ఎర్ర పెన్సిలు గోరంత మిగిలింది,
ఇంకోసారి చెక్కితే పట్టుకోడానికుండదు.
ఈ కాయితం మొదట మూడు ఠావులు.
దీన్ని ఆయన ఎక్కడ ఆపేవాడో
నాకు తెలుసు.
ఆ చోటు దాటి వచ్చేశాను.