ఏమనుకోకు

గీల్ ఊళ్లో, వాన వెలిసిన ఒక మంగళవారం
గోడ్లీవ్ వంటింట్లో కూర్చున్నాను,
మోకాళ్ల మీద పదకొండు పేజీల ఫారం.
నాకు ఇరవై ఆరేళ్లు. కొత్త ఉద్యోగం.
పెన్ను కూడా కొత్తదే.

ఎదురుగా రెమి.
ఈ ఇంటికి అద్దెవాడు కాదు, చుట్టమూ కాదు.
ముప్ఫై ఒక్కేళ్ల కిందట ఆస్పత్రివాళ్లు
ఒక పెట్టెతో, ఒక చీటీతో దించి వెళ్లారు.
పెట్టె అటక మీద ఉంది.
చీటీ ఎక్కడో పోయిందట.

రెమి బంగాళాదుంప చేతిలోకి తీసుకుంటాడు.
బొటనవేలితో మట్టి తుడుస్తాడు.
"తప్పదు, ఏమనుకోకు" అంటాడు.
అప్పుడు చెక్కు తీస్తాడు.
ఇంకో దుంప. ఇంకోసారి, తప్పదు, ఏమనుకోకు.
ఒక్కదాన్నీ మరిచిపోడు.
చిన్నవాటి దగ్గర గొంతు కాస్త తగ్గిస్తాడు.

ఈ ప్రవర్తన జనంలో అరుదా?
అరుదే, అని రాశాను.
రాస్తుంటే మా ప్రొఫెసర్ గుర్తొచ్చాడు,
బోర్డు మీద గంట ఆకారంలో గీత గీసి
రెండు కొసలూ సుద్దతో నింపేవాడు.
ఈ కొసన ఏమీ తెలియనివాడు, ఆ కొసన మహామేధావి,
లెక్కకి ఇద్దరూ ఒకే దూరం.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
నేను నోట్సు రాసుకున్నాను.

లోకం మెచ్చని పనా?
"ఏ లోకం?" అంది గోడ్లీవ్, ఉల్లిపాయ తరుగుతూ.
"ఎదురింటి యోస్ట్, మ్యాచ్ ఓడిపోతే టీవీని తిడతాడు.
దానికి వినబడుతుందా?
దుంప నయం, చేతిలోనైనా ఉంటుంది."

నా సంచిలో లావుపాటి పుస్తకం ఉంది,
కూర్పు కూర్పుకీ బరువెక్కే పుస్తకం.
అందులో కొన్ని పేర్లు ఒకప్పుడు రోగాలు, ఇప్పుడు కావు.
రాత్రి రోగులుగా పడుకున్నవాళ్లు ఎందరో
పొద్దున్నే ఆరోగ్యంగా లేచారు,
ఒక్క మాత్రా మింగకుండానే.
ఆ సంగతి ఈవిడకి చెప్పలేదు.

బాధపడుతున్నాడా?
రెమినే అడిగాను.
చాలాసేపు ఆలోచించాడు.
"అవి పడుతున్నాయేమో" అన్నాడు.
ఆ జవాబుకి ఫారంలో గడి లేదు.

రోజువారీ పనికి ఆటంకమా?
"వేపుడు రోజున మూడింటికే మొదలుపెట్టిస్తాను.
ఆరింటికి అందరం తింటాం.
ఆటంకం ఎక్కడుందో నువ్వే వెతుక్కో."

ప్రమాదమా?
ఇద్దరం అతని చేతిలో కత్తి వైపు చూశాం.
రెమి దాన్ని తుడిచి, మొన తనవైపు తిప్పుకుని
అరిగిన పిడి నాకు అందించాడు, చూసుకోమని.

"మరి ఆస్పత్రికి ఎప్పుడూ ఫోన్ చేయలేదా?"

తరగడం ఆపింది.
"చేశాను. ఒక్కసారి. తొమ్మిదేళ్ల కిందట, ఫిబ్రవరిలో.
పొయ్యి దగ్గరున్నాను. వెనకాల మాట వినబడలేదు.
తిరిగి చూస్తే ఇరవై దుంపలు,
తెల్లగా, వరసగా, అయిదు నిమిషాల్లో.
నువ్వు చూస్తే మెచ్చుకునేదానివి.
నేను చేతులు కూడా తుడుచుకోలేదు,
ఫోన్ మీద ఇంకా ఆ మరక ఉంది."

ఆ రాత్రే తీసుకెళ్లారట.
"ఇంకొక్క రోజు ఆగుంటే" అంది,
మిగతాది ఉల్లిపాయ మీదికి నెట్టేసింది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు.
మొదటి వారం దుంపలు ముట్టలేదు.
రెండో వారం ఒకదాన్ని పట్టుకుని కూర్చున్నాడు.
తప్పదు, అన్నాడు. అంతవరకే.
ఏమనుకోకు అనడానికి మే నెల పట్టింది.
"ఆ రోజు కేక్ చేశాను" అంది గోడ్లీవ్,
రెమి అవునని తలూపాడు.

చివరి పేజీ:
సాధారణ స్థితికి ఎంత దూరంలో ఉన్నాడు?
ఎవరి సాధారణమో అచ్చువేయడం మరిచిపోయారు.
పెన్ను మూత పెట్టాను, తీశాను, పెట్టాను.
మూడుసార్లు. ఎప్పుడూ మూడే,
చిన్నప్పటి నుంచీ.
ఇంతవరకూ ఎవరూ రాసుకోలేదు.

"భోజనానికి ఉంటావుగా?"
నా ముందు ఒక కత్తి, ఒక దుంప పెట్టిందావిడ.
దుంప చల్లగా ఉంది, ఒక పక్క ఇంకా మట్టి.
కత్తి ఆనించాను.
రెమి పని ఆపేసి
నా నోటివైపే చూస్తున్నాడు.