పద్నాలుగో వరస

బరంపురంలో కరెంటు పోయి వచ్చేలోపు
దండాసి తాత గోనెసంచి విప్పాడు.
లోపల పట్టు కొసలు, వేలెడేసి,
ఒక్కో ముడికీ ఎప్పటిదో ఒక చీర.
ఒక ముడి మాత్రం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.
"మిగతాయన్నీ నీ డబ్బాలో ఎక్కించీయే గుంటా."
డబ్బా అంటే కంప్యూటరు.

సొసైటీకి షేడ్ కార్డు కావాలి, పదకొండు రంగులు.
స్కానర్ అద్దం మీద కొసలు పరిచి మూత వేశాను.
తెర మీదకొచ్చిన నేరేడును చూసి మూతి ముడిచాడు.
"ఇది నేరేడు కాదు. నేరేడు తిన్నాక నాలిక."
మార్చాను.
"ఇప్పుడు నాలిక కూడా కాదు. దెబ్బ తగిలి కమిలింది."
మళ్ళీ మార్చాను.
పొద్దు వాలేసరికి ఒక్క నేరేడుకే మూడు అంకెలు కుదిరాయి:
డెబ్బై నాలుగు, ఇరవై రెండు, డెబ్బై ఒకటి.
చదివి వినిపిస్తే
"ఎవల ఫోన్ నంబరది?" అన్నాడు.

రంగులు దాచే పెట్టెలు నా దగ్గర రకానికొకటి ఉన్నాయి.
ఏసీఓ ముసలిది. దాని మొదటి కాలంలో
రంగే ఉంటుంది, పేరు అడగదు.
ఏఎస్ఈ కాస్త పెద్దమనిషి. పేర్లు రాసుకుంటుంది, గుంపులు కడుతుంది,
కానీ నోట్‌ప్యాడ్‌లో విప్పితే
చీమలు తొక్కిన ముగ్గు.
హడావిడిలో ముసలిదాన్నే పంపాను అస్కాకి,
బిచిత్ర సాహు ప్రెస్సుకి.
పదకొండు గళ్ళు తెరుచుకున్నాయట,
పదకొండింటి కిందా ఒకటే మాట: పేరులేనిది.
ఈ సంగతి తాతకి చెప్పలేదు.

"అపా, నా దగ్గర ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేరే. జీపీఎల్ పంపు."

జీపీఎల్ అంటే ఒట్టి అక్షరాలు, కిరాణా పద్దు.
ఎరుపెంత, పచ్చెంత, నీలమెంత, ఆ పక్కన పేరు.
నేరేడు అని తెలుగులోనే కొట్టాను,
అస్కాలో అది డబ్బా గళ్ళై పోతుందేమోనని
కాసేపు భయపడి, అలాగే ఉంచాను.
ఇంకో సంగతి కూడా తెలిసింది:
వరస మొదట్లో హ్యాష్ గుర్తు ఒకటి పెడితే
ఆ వరసను యంత్రం చదవదు.
మనుషులకి వదిలేస్తుంది.

అది తెలిశాక నా చెయ్యి ఆగలేదు.
తాత స్టూలు మీద కూచుని చెబుతుంటే
టీ చల్లారిపోతున్నా కొడుతూనే ఉన్నాను.

# ఉల్లిపొర: మడతలో ఏమీ ఉండదు, కట్టుకుంటేనే ఉంటుంది
# ఆనంద బ్లూ: ఎవల ఆనందమో నాకూ తెలీదు
# మిరపపండు: ట్యూబులైటు కింద చూసి కొనొద్దు
# కనకాంబరం: ఒడియావోళ్ళు పసుపు అంటారు, మనోళ్ళు ఎరుపు అంటారు, ఇద్దరికీ అమ్మినాను

ఆయన వెళ్ళాక, దుకాణం షట్టరు సగం దించి,
ఫైలు పంపి, ఇంటికొచ్చి, చేపలు కడుగుతుంటే
బిచిత్ర ఫోను. సగం ఒడియా, సగం తెలుగు.
"తెరుచుకోవట్లేదపా.
పద్నాలుగో వరసలో ఎరుపు లేదంటోంది."

తడి చేతులు తుడుచుకుని లెక్కపెట్టుకుంటూ దిగాను.
పన్నెండు. పదమూడు.
పద్నాలుగు: గుర్తు పెట్టడం మరిచిన వరస.
తాత నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది అక్కడ:

మంకెన రంగు ఇంక పడదు. ఆ నుయ్యి పూడ్చీసి కాంప్లెక్సు కట్టీసినారు. కుళాయి నీళ్ళతోటి ఎంత ఉడకబెట్టినా గులాబీయే.

యంత్రం తప్పు చదవలేదు.
ఎరుపు కోసం వెతికింది, లేదంది.

వరస ముందు గుర్తు పెట్టాను.
రెండు కేబీ కూడా లేని ఫైలు మళ్ళీ అస్కాకి పోయింది.
చేపల మీద పిల్లి వాలకుండా ఒక కాలు అడ్డం పెట్టి
ఫోను చెవికి ఆనించి నిలబడ్డాను.
అవతల బిచిత్ర మౌస్ నొక్కుతున్న చప్పుడు.

"ఆఁ, వచ్చింది అపా, పదకొండూ వచ్చాయి.
ఇప్పుడు ఎరుపు అడగట్లేదు."